గన్ షోలో కొత్త తుపాకీ కొనకండి

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో గ్రీన్ కార్డ్ వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరిద్దరు నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఈ వీకెండ్ గన్ షో ఉందట కదా, అక్కడ చవకంట కదా, వెళ్దామా?" గన్ షో అంటే పెద్ద హాల్లో టేబుళ్ళు వేసి తుపాకులు, తూటాలు అమ్మే సంత. వెళ్దాం, నాకేం అభ్యంతరం లేదు, కానీ చవక అనే మాట మాత్రం ఎక్కడ పుట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. గ్లాక్, సిగ్ లాంటి కంపెనీల కొత్త పిస్టల్ కోసం గన్ షోకి వెళ్ళడం అంటే, డీమార్ట్‌లో దొరికే కందిపప్పు కోసం జాతరకి వెళ్ళడం లాంటిది. జాతరకి వెళ్ళొచ్చు. కందిపప్పు కోసం మాత్రం కాదు.

ఈ మాట నా జేబుకి తగిలాకే అంటున్నా. 2022లో నాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. అంతకుముందు పదేళ్ళు హెచ్1బీ మీద ఉన్నాను. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, ఇది ఫెడరల్ చట్టం. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఒకటుంది గానీ, దాన్ని నమ్ముకుని ఇమిగ్రేషన్ ఫైల్‌తో ఆడుకునే ధైర్యం నాకు లేదు, మీకూ ఉండకపోతేనే మంచిది. కాబట్టి ఆ పదేళ్ళూ చేతులు వెనక్కి కట్టుకుని టేబుళ్ళ మధ్య తిరిగి, బీఫ్ జర్కీ వాసన పీల్చి, ముసలి కలెక్టర్ల కబుర్లు విని ఇంటికొచ్చేవాణ్ణి. 2013లో పాయింట్ టూటూ అనే చిన్న తూటాల కరువు వచ్చినప్పుడు తలుపులు తెరవగానే జనం ఆ డబ్బాల టేబుల్ వైపు పరిగెత్తడం ఈ కళ్ళతో చూశా. ఇంత చూసి కూడా, కార్డ్ వచ్చిన నెలకే గన్ షోకి పోయి మొదటి టేబుల్ దగ్గరే ఒక కొత్త 9 ఎంఎం పిస్టల్ కొనేశా. "షో స్పెషల్" అని చేత్తో రాసిన అట్టముక్క, నవ్వు మొహం పెద్దాయన, వెనకాల ఇంకో ఇద్దరు అదే పిస్టల్ వైపు చూస్తున్నారన్న టెన్షన్. పార్కింగ్, టికెట్, పైన 8.25 శాతం సేల్స్ ట్యాక్స్, కార్డ్ గీకినందుకు ఇంకో 3 శాతం. మర్నాడు మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న షాపులో అదే పిస్టల్ నేను ఇచ్చినదానికంటే 60 డాలర్లు తక్కువకి అద్దాల పెట్టెలో కూర్చుని ఉంది.

ఆ పెద్దాయన నన్ను మోసం చేశాడని అనను. కొత్త సరుకు మీద డీలర్‌కి మిగిలేదే కొంచెం. అందులోంచే అతను టేబుల్ అద్దె కట్టాలి, హోటల్ గది తీసుకోవాలి, వ్యాన్‌కి పెట్రోల్ పోయాలి. మరి మనకి ఎక్కడ తగ్గిస్తాడు? పెద్ద షాపులు వందల్లో తెప్పించుకుంటాయి, ఆన్‌లైన్ అమ్మకందార్లు ఇంకా ఎక్కువ. ఆన్‌లైన్ ధరకి షిప్పింగ్, తుపాకీని మన చేతికిచ్చే మన ఊరి లైసెన్స్ డీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజు కలుపుకున్నా చాలాసార్లు షో కంటే తక్కువే పడుతుంది. అందుకే కొత్తది కావాలంటే ఫోన్ తీసి మూడు చోట్ల చూసుకుని, పన్నుతో సహా గుమ్మం దాటేటప్పటికి ఎంతవుతుందో అడిగి, తగ్గినచోట కొనుక్కోండి. దానికి శనివారం పొద్దున్నే లేవక్కర్లేదు.

గన్ షో ఉన్నది పాత సరుకు కోసం. అక్కడే బేరం ఉంటుంది, నిలువునా ములిగిపోయే అవకాశమూ అక్కడే ఉంటుంది.

చిన్నప్పుడు మా తాతతో ఎడ్ల సంతకి వెళ్ళేవాణ్ణి. ఆయన ధర చివర్న గానీ అడిగేవాడు కాదు. ముందు పళ్ళు చూసేవాడు: రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, ఆరు పళ్ళా. తర్వాత నడిపించి చూసేవాడు, డెక్కలు చూసేవాడు, మూపురం మీద కాడి రాపిడి తడిమేవాడు. ఇదంతా అయ్యాకే తువ్వాలు కింద దళారి వేళ్ళు పట్టుకోవడం. పక్కన నిలబడ్డ నాకు అంకె తెలిసేది కాదు గానీ తాత మొహం చూస్తే బేరం కుదిరిందో లేదో తెలిసిపోయేది. తువ్వాలు లేదన్న మాటే గానీ గన్ షో కూడా అచ్చంగా అలాంటి సంతే. చిక్కల్లా, మనవాళ్ళలో చాలామంది నేరుగా వేళ్ళ దగ్గరికి పోతారు, పళ్ళు చూడరు. ఎంత తగ్గించాడు అన్నదే లెక్క. 700 చెప్పినదాన్ని 600కి తెచ్చుకున్నా అని గొప్పగా చెప్పిన మిత్రుడి రైఫిల్‌ని నేను చూశా, అది 450 కూడా చెయ్యదు.

పళ్ళు చూడటం అంటే ఏమిటో ఒక ఉదాహరణ. మార్లిన్ కంపెనీ లివర్ యాక్షన్ (ట్రిగ్గర్ కింది మీటని ఆడించి తూటా ఎక్కించే) రైఫిళ్ళు, 336 మోడల్ అనుకోండి. ఒకే టేబుల్ మీద ఒకేలా కనబడే రెండు ఉంటాయి, ధరల్లో మాత్రం 200, 300 తేడా. బ్యారెల్ (గొట్టం) మీద, అది బిగించి ఉండే ఇనప భాగమైన రిసీవర్‌కి దగ్గర్లో, చిన్న వలయంలో "జేఎం" అన్న ముద్ర ఉందా చూడాలి. జాన్ మార్లిన్ పేరులోని పొడి అక్షరాలు అవి, పాత కంపెనీలో తయారైనట్టు గుర్తు. 2007లో రెమింగ్టన్ ఆ కంపెనీని కొనుక్కుంది, తర్వాత ఫ్యాక్టరీ మార్చింది, మార్చిన తొలి ఏళ్ళ సరుకు చెక్కకీ ఇనుముకీ మధ్య సందులతో, గురి చూసుకునే వంకర సైట్లతో వచ్చి చెడ్డపేరు తెచ్చుకుంది. రెమింగ్టన్ దివాలా తీశాక 2020లో రూగర్ కొనుక్కుని మళ్ళీ మంచిగా చేస్తోంది, అది వేరే కథ. ఈ చరిత్ర తెలిసినవాడు ఎస్టేట్ అమ్మకంలో (పోయినవాళ్ళ సామాను అమ్మేటప్పుడు) వచ్చిన జేఎం ముద్ర రైఫిల్‌ని, దాని విలువ తెలియని టేబుల్ దగ్గర మామూలు ధరకి తెచ్చుకుంటాడు. తెలియనివాడు జేఎం ధర పోసి ఆ సందుల రైఫిల్ ఇంటికి తెచ్చుకుంటాడు. ఇద్దరూ బేరం ఆడే వచ్చారు సుమా!

వించెస్టర్ 94 అనే ఇంకో లివర్ యాక్షన్ రైఫిల్‌కి ఇలాగే 1964 అనే గీత ఉంది. ఆ ఏడాది ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతులు మార్చారు, అప్పట్నుంచీ "ప్రీ సిక్స్‌టీ ఫోర్" అంటే ధర వేరు. సీరియల్ నంబర్ చూసి ఏడాది చెప్పగలగాలి, టేబుల్ వెనక ఉన్న పెద్దమనిషి మాట మీద కాదు.

అన్నీ నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోలేం కూడా. ఒక్క మోడల్, మహా అయితే రెండు పట్టుకోండి. ఆర్నెల్లు దాని గురించే చదవండి, గన్‌బ్రోకర్ లాంటి వేలం సైట్లలో అడుగుతున్న ధర కాకుండా అమ్ముడైన ధరలు చూడండి (అడిగే ధర ఎవడైనా ఎంతైనా పెట్టుకోవచ్చు, నేనూ మా పాత క్యామ్రీకి పెట్టా), ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. అప్పుడు నాలుగు వేల టేబుళ్ళ హాల్లో కూడా మీ కన్ను నేరుగా దాని మీదకి పోతుంది.

నా మొదటి నిజమైన బేరం అలా దొరికిందే. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10, పాయింట్ 38 రివాల్వర్, పోలీసులు వాడి వదిలేసినది. ఈ రివాల్వర్ 1899 నుంచి ఏదో ఒక రూపంలో తయారవుతూనే ఉంది, 1957లో దానికి మోడల్ 10 అని పేరొచ్చింది. లక్షల్లో ఉన్నాయి కాబట్టి కలెక్టర్లు పెద్దగా ఎగబడరు. పోలీసుల దగ్గర్నుంచి వచ్చినదానికి ఒక గుణం ఉంటుంది. ఏళ్ళ తరబడి తోలు ఒరలో రుద్దుకుని గొట్టం చివర నీలి పూత పోయి తెల్లబడుతుంది, చెక్క పిడి కారు తలుపులకి తగిలి సొట్టలు పడుతుంది, చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, లోపల మాత్రం పెద్దగా పేలి ఉండదు. మోశారు ఎక్కువ, కాల్చింది తక్కువ. దీనికి పూర్తిగా రివర్స్ ఇంకోటి: పాతదాన్ని పాలిష్ పట్టి మళ్ళీ నీలి పూత వేయించి తళతళా మెరిపించి పెడతారు. దగ్గరగా చూడండి. కంపెనీ ముద్ర అక్షరాల అంచులు అరిగి పల్చబడి ఉంటాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్ళెంలా గుంట పడి ఉంటుంది, కోసుగా ఉండాల్సిన మూలలు గుండ్రంగా ఉంటాయి. ముసలి ఎద్దు కొమ్ములకి రంగేసి పూసలు కట్టినట్టు.

తీసి చూసే ముందు అడగాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, భద్రత కూడా. "చూడొచ్చా సర్" అని అడిగి, ఖాళీగా ఉందో లేదో అతని ఎదురుగానే తెరిచి చూసుకుని, గొట్టం ఎవరి వైపూ పెట్టకుండా, వేలు ట్రిగ్గర్ బయటే ఉంచి. చాలా షోల్లో ప్రతి తుపాకీకీ ప్లాస్టిక్ టై బిగించి ఉంటుంది, నిజంగా కొనే ఉద్దేశం ఉందని నమ్మకం కలిగితే కొందరు దాన్ని కత్తిరించి చూపిస్తారు. చిన్న టార్చ్ ఒకటి తీసుకెళ్ళండి, గొట్టం లోపల గాడులు పదునుగా ఉన్నాయా, తుప్పు తిన్న గుంటలు ఉన్నాయా అన్నది దానితోనే తెలుస్తుంది. రివాల్వర్ అయితే అనుమతి అడిగి సుత్తి పూర్తిగా వెనక్కి లాగి, చేత్తో పట్టుకుని నెమ్మదిగా దించి, ట్రిగ్గర్ వదలకుండా తూటాల చక్రం ఊగుతోందా చూడండి. కొంచెం కదిలితే పర్వాలేదు, లొడలొడలాడితే వదిలెయ్యండి. అడక్కుండా ఖాళీ తుపాకీ టక్కు టక్కుమని కొట్టి చూడొద్దు, అందులోనూ పాయింట్ టూటూవి అసలు కొట్టొద్దు, చాలా పాతవాటిలో పిన్ను గొట్టం అంచుకి తగిలి పాడవుతుంది. అలా కొట్టిన కుర్రాడికి ఒక టేబుల్ వాడు పెట్టిన గడ్డి నేను తెలుగులోకి అనువదించలేను.

ఇక తగ్గించమని అడగడం. మన సంతలో సగానికి మొదలుపెడతాం. ఇక్కడ సగం అడిగితే అవతలివాడు మొహం తిప్పుకుంటాడు, ఆ తర్వాత మీరు పూర్తి ధర ఇస్తానన్నా సంభాషణ చల్లబడిపోతుంది. పది, పదిహేను శాతం లోపు అడగండి. నగదు చూపించండి, "క్యాష్ అయితే ఎంతకిస్తారు" అన్న ఒక్క వాక్యం చాలు, తర్వాత నోరు మూసుకుని నిలబడండి. మౌనం భరించడం మనకి కష్టం గానీ నేర్చుకోవాలి. టైమ్ విషయంలో అందరూ చెప్పే సలహా ఆదివారం సాయంత్రం వెళ్ళమని, తిరిగి మోసుకుపోవడం ఇష్టం లేక తగ్గిస్తారని. అందులో సగమే నిజం. బరువైన తూటాల పెట్టెలు, క్లీనింగ్ సామాను, ఒరలు, సైన్యం వదిలించుకున్న సర్‌ప్లస్ డబ్బాలు, వీటికి ఆదివారం మూడు గంటల తర్వాత నిజంగానే తగ్గుతుంది. మంచి పాత తుపాకీ మాత్రం శనివారం పది గంటలకే పోతుంది. అది తీసుకుపోయేది కూడా ఎక్కువసార్లు పక్క టేబుల్ డీలరే, తలుపులు తెరవకముందే. నాకిది చాలా ఏళ్ళు మింగుడుపడలేదు. ఇప్పుడు అలవాటైంది.

తూటాల గురించి ఒక్క ముక్క: పెట్టె ధర చూడొద్దు, ఒక్కో తూటాకి ఎన్ని సెంట్లు పడుతుందో లెక్కేసుకోండి. ఒక పెట్టెలో 50 ఉంటాయి, పక్కదాన్లో 20, ఇంకోదాన్లో 100, కావాలనే కలిపి పేరుస్తారు. జిప్‌లాక్ సంచిలో పోసి అమ్మే ఇంట్లో నింపిన తూటాలు ఉచితంగా ఇచ్చినా వద్దు, ఎవడు ఎంత మందు పోశాడో మీకు తెలీదు, పేలేది మీ మొహం ముందు. పాత సోవియట్ సర్‌ప్లస్ తూటాలు ఒకప్పుడు చవకే, కానీ వాటి ప్రైమర్ వదిలే ఉప్పు గొట్టాన్ని తినేస్తుంది, కాల్చిన రోజే నీళ్ళతో కడిగి నూనె పెట్టే ఓపిక ఉంటేనే కొనండి.

కాగితాల సంగతి ఎవరూ బేరంలో భాగంగా చూడరు, నా వాదనంతా అది కూడా భాగమేనని. లైసెన్స్ డీలర్ దగ్గర కొంటే, అది షాపైనా షో టేబులైనా, 4473 అనే ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే నేపథ్య తనిఖీ అవ్వాలి. ఈ తనిఖీ 1998 నవంబర్ నుంచి ఉంది. షోలో లైసెన్స్ లేని మామూలు మనుషులు కూడా సొంత తుపాకులు అమ్ముకుంటారు, టెక్సాస్, ఓక్లహోమాల్లో వాళ్ళకి ఆ తనిఖీ తప్పనిసరి కాదు, కాలిఫోర్నియా, కొలరాడో లాంటి చోట్ల తప్పనిసరి. పన్ను ఉండదు, కాగితం ఉండదు, చవక. నేను మాత్రం సంతకం పెట్టిన రసీదు, ఇద్దరి ఐడీలు లేకుండా కొనను. దొంగ సొత్తు అని రేపు తేలితే తుపాకీ పోతుంది, డబ్బు పోతుంది, మీ గ్రీన్ కార్డ్ మీద ప్రశ్న పడుతుంది. వేరే రాష్ట్రంవాడి దగ్గర ప్రైవేటుగా కొనడం అయితే అసలు నేరమే. ఇంకోటి, హెచ్1బీ మీద ఉన్న మిత్రుడి కోసం మీ పేరు మీద కొనడం. "వాడి డబ్బు, నా సంతకం, ఏమవుతుంది" అంటారు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం 15 ఏళ్ళ దాకా జైలు అవుతుంది. అలా అడిగిన మిత్రుణ్ణి నేను ఇంటికి భోజనానికి పిలిచా గానీ షోకి పిలవలేదు.

ఇప్పుడు టల్సా కథ. ఓక్లహోమాలోని టల్సాలో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, నవంబర్‌లో, వానెన్‌మాకర్ పేరుతో జరిగే షో ఉంది. 11 ఎకరాల కప్పు కింద నాలుగు వేలకు పైగా టేబుళ్ళు. ప్రపంచంలో అతి పెద్దది అంటారు, లోపలికి వెళ్ళాక ఆ మాట మీద నాకు అనుమానం రాలేదు. మా ఇంటి నుంచి 75వ నంబర్ హైవే మీద నాలుగున్నర గంటలు. ఎక్స్‌పో స్క్వేర్ ముందు చమురు బావి మీద చెయ్యేసి నిలబడ్డ గోల్డెన్ డ్రిల్లర్ అనే 75 అడుగుల విగ్రహం కనబడితే వచ్చేసినట్టే.

2023 నవంబర్‌లో అక్కడ, మధ్యాహ్నం కాళ్ళు పీకుతున్నప్పుడు, ఒక టేబుల్ చివర బ్రిటిష్ సైన్యం పాత త్రీనాట్ త్రీ రైఫిల్ అయిన లీ ఎన్‌ఫీల్డ్ ఆకారంలో ఉన్న రైఫిల్ ఒకటి కనబడింది. తూటాలు పెట్టే మ్యాగజైన్ మాత్రం మామూలు ఎన్‌ఫీల్డ్‌లా ఏటవాలుగా కాకుండా డబ్బాలా చతురస్రంగా ఉంది. నా గుండె ఒకసారి ఆగింది. వంగి చూస్తే పిడి దగ్గర ఇనుము మీద మూడు సింహాల ముద్ర, కింద ఆర్.ఎఫ్.ఐ., 2ఏ1, 1967. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనది! 1962 చైనా యుద్ధం తర్వాత, కొత్త రైఫిళ్ళు సరిపడా చేతికొచ్చేలోపు, పాత ఎన్‌ఫీల్డ్ నమూనానే గట్టి ఉక్కుతో 7.62 నాటో తూటాకి సరిపోయేలా మనవాళ్ళు చేసిన రైఫిల్ అది. ఇదే నా ఆర్నెల్ల చదువు, నా ఒక్క మోడల్. అమెరికాలో వీటిని గొట్టం కుదించి, మంట మూసే గరాటా తగిలించి "జంగిల్ కార్బైన్" అని కూడా అమ్మారు, అసలు జంగిల్ కార్బైన్ బ్రిటిష్ వాళ్ళ నంబర్ 5, దాని ధర వేరే లోకం. తెలియనివాళ్ళు ఈ రెంటికీ తేడా లేకుండా కొని ఏడుస్తుంటారు. ఇది కుదించినది కాదు. తూటాని లోపలికి నెట్టే బోల్ట్ మీద నంబరూ రిసీవర్ మీద నంబరూ ఒకటే. గొట్టంలో కొంచెం నలుపు, గాడులు పదును. చెక్కలో అడ్డంగా బిగించిన స్క్రూ ఉంది. చూసేవాళ్ళకి అది తర్వాతెవరో చేసిన రిపేరులా కనబడుతుంది, కానీ ఇషాపూర్‌లో చెక్క పగలకుండా వేసిందే. టేబుల్ ఆయన దాన్ని లోపంగా భావించి తానే ధర తగ్గించి రాశాడని మాటల్లో తెలిసింది. 575. నేను స్క్రూ గురించి అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. నగదు తీశా. 520.

బేరం అంటే ఇదీ అనుకున్నా. లైసెన్స్ డీలర్ దగ్గర కాబట్టి వేరే రాష్ట్రంవాణ్ణైనా రైఫిల్ కొనొచ్చు (పిస్టల్ అయితే నా రాష్ట్రంలోని డీలర్‌కి పంపించుకోవాల్సిందే). ఫారం నింపా. పౌరసత్వం లేనివాళ్ళు ఇమిగ్రేషన్ వాళ్ళిచ్చే ఏలియన్ నంబర్ కూడా రాయాలి. ఆయన ఫోన్ చేశాడు. "డిలేడ్" అని వచ్చింది. పౌరులు కానివాళ్ళకి ఇది మామూలే, తప్పేం లేదు, ఇమిగ్రేషన్ రికార్డులు చూడ్డానికి టైమ్ పడుతుంది. కానీ ఆదివారం సాయంత్రానికి ఆయన టేబుల్ ఎత్తేస్తాడు, నేను నాలుగున్నర గంటల దూరం పోతాను. చివరికి ఆయన దాన్ని మా ఊరి డీలర్‌కి పోస్ట్ చేశాడు: షిప్పింగ్ 40, ట్రాన్స్‌ఫర్ 35, మళ్ళీ 4473, ఈసారి తుపాకీ వెంట ఉంచుకోవడానికి టెక్సాస్ ఇచ్చే ఎల్‌టీసీ లైసెన్స్ ఉంది కాబట్టి ఫోన్ తనిఖీ అక్కర్లేకుండా చేతికొచ్చింది. 595 అయింది. అంటే ఆయన మొదట రాసిన ధర కంటే 20 ఎక్కువ!

తర్వాత తెలిసింది, 50 ఏళ్ళు దాటిన తుపాకులు సేకరించేవాళ్ళకి టైప్ 03 అనే కలెక్టర్ లైసెన్స్ ఉందని, మూడేళ్ళకి 30 డాలర్లని, అది ఉంటే అలాంటి పాత రైఫిల్ టేబుల్ దగ్గరే సంతకం పెట్టి కాపీ ఇచ్చి పట్టుకొచ్చేయొచ్చని. 1967 రైఫిల్‌కి 2023లో 56 ఏళ్ళు. మోడల్ గురించి ఆర్నెల్లు చదివినవాణ్ణి కాగితం గురించి అరగంట చదవలేదు. ఇప్పుడు ఆ లైసెన్స్ ఉంది, తీసుకున్నాక రెండు రైఫిళ్ళ మీద దాని ఖర్చు నాలుగింతలు మిగిలింది.

పోయిన వేసవిలో నాన్న వచ్చారు. గుంటూరులో కాలేజీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో త్రీనాట్ త్రీ మోసి పెరేడ్ చేసిన మనిషి. సేఫ్ తెరిచి చూపిస్తే చెయ్యి చాచారు, విజిటర్ వీసా మీద ఉన్నారు కాబట్టి పట్టుకోకూడదని చెప్పా. "పట్టుకుంటే ఏమవుతుంది, కాలుస్తానా" అని విసుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, కళ్ళజోడు పైకెత్తి సింహాల ముద్ర చూశారు. ఇంత దూరం వచ్చి ఇండియా సరుకు కొన్నావా అన్నారు. బరువు కూడా అంతే ఉండుంటుంది అన్నారు. తర్వాత, నేను అనుకున్నట్టే, ఎంత పెట్టావని అడిగారు.

520 అన్నా. షిప్పింగ్ సంగతి చెప్పలేదు.

"వాడెంత చెప్పాడు?"

"575."

ఒక నిమిషం రూపాయల్లో లెక్కేసుకున్నారు. "500కి వచ్చేవాడు" అని ముందు గదిలోకి వెళ్ళిపోయారు.